జైలు గోడకు అటు పద్దెనిమిదేళ్లు.. ఇటు పద్దెనిమిదేళ్లు

యుద్ధంలో పట్టుబడ్డ సిపాయి శిబిరానికి చేరిన వారంలోగా ఇంటికి కార్డు రాసుకునే వీలుండాలని అంతర్జాతీయ చట్టం చెబుతోంది. బతుకుదెరువుకు పోయి జైలు పాలైన కూలీ ఎక్కడున్నాడో ఇంటివాళ్లే వెతుక్కోవాలి. సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయి వెళ్లి, అక్కడి జైలులో యౌవనమంతా గడిపి వచ్చిన ఐదుగురి కథ ఇది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో అలాంటి వారి కోసం ఎదురుచూసిన ఇళ్ల కథ కూడా.

2024 ఫిబ్రవరి. ఆ నెలలో గల్ఫ్ జైళ్ల నుంచి మన దేశానికి తిరిగి వచ్చిన వారిలో రెండు బృందాల గురించి పత్రికలు రాశాయి.

మొదటి బృందం భారత నౌకాదళ మాజీలు. దోహాలోని ఒక సంస్థలో పనిచేస్తున్న ఎనిమిది మందిని 2022 ఆగస్టులో ఖతార్ అధికారులు నిర్బంధించారు. 2023 అక్టోబరులో మరణశిక్ష పడింది. డిసెంబరులో అది జైలుశిక్షగా మారింది. 2024 ఫిబ్రవరి 12న ఏడుగురు ఢిల్లీలో దిగారు. ఆ ఎనిమిది మందిలో మన విశాఖపట్నానికి చెందిన కమాండర్ పాకాల సుగుణాకర్ ఒకరు. వారి కుటుంబాలు ఏడాదిన్నర పాటు నరకం చూశాయి. అయితే ఆ ఏడాదిన్నరా విదేశాంగ శాఖ, రాయబార కార్యాలయం వారి వెంట నిలిచాయి. ఢిల్లీలో పెద్దలు పెద్దలతో మాట్లాడారు. దేశమంతా వారి పేర్లు తెలుసుకుంది.

రెండో బృందానిది సిరిసిల్ల. అదే నెల మూడో వారంలో శంషాబాద్ విమానాశ్రయంలో ఇద్దరు అన్నదమ్ములు దిగారు. వారితో పాటు కేసులో ఉన్న మిగతా ముగ్గురూ అటూఇటుగా, ఒక్కొక్కరుగా విడుదలయ్యారు. వారు దుబాయి జైలులో గడిపింది ఏడాదిన్నర కాదు. దాదాపు పద్దెనిమిదేళ్లు.

ఈ రెండు విడుదలల్లో ఏది గొప్పదన్న పోటీ లేదు. ఎవరి కన్నీళ్లైనా కన్నీళ్లే. కానీ ఒకప్పుడు యూనిఫాం వేసుకున్నవాడు పట్టుబడితే కదిలే వ్యవస్థ, తాపీ పట్టుకున్నవాడు పట్టుబడితే ఎందుకంత నెమ్మదిగా కదులుతుందన్న ప్రశ్న మాత్రం ఈ జిల్లాల్లో ప్రతి ఊరూ అడగవలసినది.

ఊరు దాటిన రోజులు

'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని ఉత్తర తెలంగాణలో ఒక మాట ఉంది. సేద్యం కలిసిరానివాడికి మూడే దారులని దాని భావం. పాత కరీంనగర్ జిల్లాలో మెట్ట భూములకు బోరు నీళ్లే దిక్కు. సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయి, అప్పులు తీర్చే దారి లేక నేతన్నలు ప్రాణాలు తీసుకున్న కాలం ఒకటి నడిచింది. కోరుట్ల, మెట్‌పల్లి చెరకు రైతులకు ఆసరాగా ఉన్న ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ కూడా తర్వాత 2015లో మూతపడింది. మిగిలినవి ఆడవాళ్ల చేతుల్లో బీడీ చాటలు, మగవాళ్ల చేతుల్లో పాస్‌పోర్టులు.

2000 దశకం మధ్యలో దుబాయిలో ఎక్కడ చూసినా క్రేన్లే. మన పల్లెల నుంచి మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు, తోటపనివాళ్లు వేలల్లో వెళ్లారు. ఏజెంటుకు కట్టే డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తేవడం, మొదటి రెండేళ్ల సంపాదన ఆ మిత్తికే పోవడం ఇంటింటి లెక్క. రుద్రంగి, కోనరావుపేట, చందుర్తి, సిరిసిల్ల వైపు ఊళ్ల నుంచి వెళ్లిన ఐదుగురిదీ అదే దారి.

2005లో ఆ దారి జైలుకు తిరిగింది. నేపాల్ నుంచి వచ్చి అక్కడ కాపలాదారుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి హత్యకు గురయ్యాడు. ఆ కేసులో ఈ ఐదుగురూ నిందితులయ్యారు. కోర్టు వారిని దోషులుగా తేల్చి మొదట పదేళ్ల శిక్ష వేసింది. కేసు పై కోర్టుకు వెళ్లాక ఆ పదేళ్లు ఇరవై ఐదేళ్లయ్యాయి.

అక్కడి కోర్టులు నడిచేది అరబీలో. తెలుగు తప్ప మరో భాష సరిగా రాని కూలీ, క్యాంపులో నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలతో తన బతుకును నిర్ణయించే విచారణను ఎదుర్కోవాలి. అతను చెప్పింది దుబాసీ హిందీలో విని అరబీలో చెబుతాడు. న్యాయమూర్తి అన్నది అరబీ నుంచి హిందీకి, హిందీ నుంచి మనసులోని తెలుగుకు చేరాలి. దోషం ఉందా లేదా అన్నది కోర్టు తేల్చింది. కానీ తన మాట తన భాషలో సంపూర్ణంగా చెప్పుకునే అవకాశం, తొలిరోజు నుంచే పక్కన ఒక వకీలు ఉండటం, దోషికైనా నిర్దోషికైనా దక్కవలసిన హక్కులు. ఈ రెండూ పేదవాడికి అందేసరికి సాధారణంగా కేసు సగం దాటిపోతుంది.

నేపాల్‌లో ఒక ఇల్లు

ఈ కథలో మరో కుటుంబం ఉంది. దాన్ని మరిచిపోతే కథకు న్యాయం జరగదు. చనిపోయిన కాపలాదారు కూడా మనవాళ్లలాగే కూలి కోసం కొండలు దాటి వచ్చిన పేదవాడు. అతని ఇంట్లోనూ నెలనెలా వచ్చే డబ్బు కోసం చూసే కళ్లున్నాయి. ఒక్క రాత్రితో ఆ ఇల్లు దిక్కులేనిదైంది.

ఇస్లామిక్ న్యాయంలో హతుడి వారసులకు ఒక అధికారం ఉంది. 'దియా' అనే పరిహారం తీసుకుని వారు దోషిని క్షమించవచ్చు. సిరిసిల్ల ఎమ్మెల్యేగా ఉన్న కేటీఆర్ 2011లో నేపాల్ వెళ్లి ఆ కుటుంబాన్ని కలిశారు. 15 లక్షల రూపాయల పరిహారం అందింది. ఆ కుటుంబం క్షమాపత్రం మీద సంతకం చేసింది. తమ ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, ఎన్నడూ చూడని సిరిసిల్ల తల్లుల కోసం ఆ సంతకం పెట్టారు. ఈ మొత్తం కథలో అంతకన్నా పెద్ద మనసు మరొకటి కనిపించదు.

క్షమాపత్రం వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. వారసులు క్షమించడం ఒక ఎత్తు, ప్రభుత్వ పక్షాన పడే శిక్ష మరో ఎత్తు. అర్జీ మీద అర్జీ వెళ్లింది. తిరస్కరణ మీద తిరస్కరణ వచ్చింది. రాష్ట్రం విడిపోయింది. జిల్లా విడిపోయి 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లా అయింది. ఎన్నికలు వచ్చాయి, పోయాయి. మహమ్మారి వచ్చింది, పోయింది. 2023 సెప్టెంబరులో, అప్పటికి మంత్రిగా ఉన్న కేటీఆర్ దుబాయి వెళ్లి వకీళ్లతో, భారత కాన్సులేట్ అధికారులతో, అక్కడి పెద్దలతో మళ్లీ మాట్లాడారు. ఆ తర్వాతి నెలల్లో విడుదల ఉత్తర్వులు వెలువడ్డాయి.

క్షమాపత్రానికీ విడుదలకూ మధ్య పన్నెండేళ్లకు పైగా గడిచాయి. ఒక ప్రజాప్రతినిధి పట్టువదలకుండా తిరగబట్టి ఈ కేసు ఇక్కడిదాకా వచ్చింది. అలా తిరిగేవారు లేని కేసుల సంగతేమిటి? మంత్రి నియోజకవర్గం కాని ఊళ్లో పుట్టిన ఖైదీకి దారేది? ఒక మనిషి స్వేచ్ఛ అతని ఎమ్మెల్యే ఎవరన్న దాని మీద ఆధారపడకూడదు.

గోడకు ఇటు

శిక్ష పడింది ఐదుగురికి. అనుభవించింది ఐదు కుటుంబాలు.

2005లో అంగన్‌వాడీకి వెళ్లే పిల్ల 2024 నాటికి పెండ్లీడు దాటిన యువతి. ఆమె బడి, కాలేజీ, పెద్దమనిషి అయిన వేడుక, చూపులు, లగ్గం అన్నీ తండ్రి లేకుండానే జరగాలి. తాత, నానమ్మ కాలం చేస్తే తల కొరివికి కొడుకు రాలేడు. ఏ కాగితం మీదైనా 'ఇంటి యజమాని' అన్న చోట పేరుంటుంది, సంతకం ఉండదు. భూమి భాగాలు పంచాలన్నా, బ్యాంకు అప్పు మార్చుకోవాలన్నా ఆ సంతకం కావాలి.

భార్య స్థితి ఇంకా కష్టం. భర్త ఉన్నాడు కాబట్టి ఆమె వితంతు పింఛనుకు అర్హురాలు కాదు. భర్త పంపే డబ్బు లేదు కాబట్టి 'దుబాయి ఇల్లు' అన్న పేరు తప్ప మరేమీ లేదు. గల్ఫ్‌కు పంపిన అప్పు మాత్రం మిత్తితో సహా ఆమె మీదే ఉంటుంది. ఈ పల్లెల్లో అలాంటి ఇళ్లను నిలబెట్టింది ఎక్కువగా బీడీలే. తునికాకు తడిపి, కత్తిరించి, పొడి పెట్టి, చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలు లెక్కపెట్టి కార్ఖానాకు ఇస్తే వచ్చే కూలి. నెలలో అన్ని రోజులూ పని దొరకదు. ఆ కూలితో పిల్లలను చదివించి, హైదరాబాదులో ఆఫీసుల చుట్టూ తిరగడానికి బస్సు చార్జీలు కూడా దానిలోంచే మిగిల్చిన ఆడవాళ్లు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారి పేర్లు ఏ ఫైల్లోనూ ఉండవు. కానీ విదేశీ జైలులో ఉన్న మనిషి బతుకు ఆశ సగం వారి ఓపిక మీదే నిలుస్తుంది.

ఫోన్ వస్తే ఒక బాధ, రాకపోతే ఇంకో బాధ. ఒంట్లో బాగాలేదని అతను చెప్పడు, ఇంట్లో బియ్యం లేవని ఆమె చెప్పదు. నెలల తరబడి ఫోన్ రాకపోతే ఎవరిని అడగాలో తెలియదు. ఏజెంటు ఫోను ఎత్తడు. కంపెనీ ఎప్పుడో చేతులు దులుపుకుంది. మనిషి జైలులో ఉన్నాడా, ఆసుపత్రిలో ఉన్నాడా, వీసా ఇచ్చిన యజమాని అయిన కఫీల్ దగ్గర నుంచి పారిపోయి, కాగితాలు లేని 'ఖల్లివెల్లి' అయ్యాడా అన్నది అదే ఊరివాళ్లు ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

సిపాయికి ఉన్న చట్టం

ఇక్కడే సిపాయి విషయం గుర్తు చేసుకోవాలి.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే జెనీవాలో రెడ్‌క్రాస్ యుద్ధఖైదీల ఏజెన్సీని తెరిచింది. ఏ సైన్యంవాడు, ఏ ఊరివాడు, ఎక్కడ పట్టుబడ్డాడు, ఏ శిబిరంలో ఉన్నాడు అన్నది ఒక్కో కార్డు మీద రాసుకుంటూ పోయారు. అలా దాదాపు 70 లక్షల కార్డులు పోగయ్యాయి. వందేళ్ల తర్వాత కూడా మనవళ్లు, మునిమనవళ్లు ఆ కార్డుల్లో తమ తాతలను వెతుక్కుంటున్నారు.

మన పాత హైదరాబాద్ రాష్ట్రానికీ ఆ అనుభవం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు మలయాలోని కోట బహ్రు తీరాన దిగినప్పుడు అక్కడి విమాన స్థావరానికి కాపలాగా ఉన్నది నిజాం రాష్ట్రపు సైనికదళమే. రెండు నెలల్లో సింగపూర్ పడిపోయింది. వేలాది భారతీయ సిపాయిలు జపాన్ చేతికి చిక్కారు. ఆ యుద్ధం నేర్పిన పాఠాల మీద 1949లో మూడో జెనీవా ఒప్పందం రూపుదిద్దుకుంది.

ఆ ఒప్పందం ప్రకారం పట్టుబడ్డ సైనికుడు శిబిరానికి చేరిన వారంలోగా తన ఇంటికీ, జెనీవాలోని ఏజెన్సీకీ కార్డు రాసుకునే వీలుండాలి. ఆ వీలు కల్పించడం పట్టుకున్న దేశం బాధ్యత. నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కు ఉంది. యుద్ధం ముగిస్తే ఆలస్యం లేకుండా ఇంటికి పంపాలి. అన్ని దేశాలూ అన్ని వేళలా దీన్ని పాటించాయని కాదు. కానీ పాటించకపోతే నిలదీయడానికి ఒక ప్రమాణం ఉంది. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్‌కు చిక్కిన వింగ్ కమాండర్ అభినందన్ మార్చి 1న వాఘా సరిహద్దు దాటి నడిచి వచ్చారు. దేశమంతా ఆ ఒప్పందం పేరు పలికింది.

కూలీకి ఏముంది? 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ఉంది. విదేశీయుణ్ని అరెస్టు చేస్తే, అతను కోరితే, ఆలస్యం లేకుండా అతని కాన్సులేట్‌కు చెప్పాలంటుంది. మెలిక అంతా 'కోరితే' అన్నచోటే ఉంది. తనకు ఆ హక్కు ఉందని తెలియనివాడు ఏం కోరుతాడు? పోలీస్ స్టేషన్‌లో అరబీ కాగితం ముందు పెడితే సంతకం చేయడమే తెలిసినవాడు కాన్సులేట్‌ను ఎలా అడుగుతాడు? పైగా కాన్సులేట్‌కు చెప్పాలన్నారే తప్ప, ఇంటికి చెప్పాలన్న గడువేదీ అందులో లేదు.

శత్రు దేశంతో జాబితా, మిత్ర దేశాలతో మౌనం

భారత్, పాకిస్తాన్ మధ్య 2008లో ఒక కాన్సులర్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు పౌరుల, మత్స్యకారుల పేర్ల జాబితాలు మార్చుకుంటాయి. సంబంధాలు ఎంత చెడినా ఆ రెండు తేదీలు తప్పలేదు. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్ల విషయంలో ఈ ఏర్పాటు విలువ తెలిసింది. వారిలో ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా మీదుగా దేశం చేరారు.

మనతో ఏ గొడవా లేని, లక్షలాది మనవాళ్లు పనిచేసే గల్ఫ్ దేశాలతో ఇలా పేరుపేరునా, తేదీ ప్రకారం జాబితాలు మార్చుకునే ఆనవాయితీ లేదు. ఖైదీ ఒప్పుకుంటే తప్ప వివరాలు ఇవ్వబోమని చాలా దేశాలు గోప్యతా చట్టాలు చూపుతున్నాయని విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెబుతూ వస్తోంది. అదే శాఖ 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లలో విచారణ ఖైదీలతో కలిపి పదివేల మందికి పైగా భారతీయులున్నారు. సౌదీ అరేబియా, యూఏఈలలో ఒక్కోచోట రెండున్నర వేల మందికి పైనే.

శిక్ష పడినవారిని మిగతా శిక్షాకాలానికి స్వదేశీ జైలుకు మార్చే ఒప్పందాలూ ఉన్నాయి. దానికోసం మన దేశం 2003లో చట్టం చేసింది. యూఏఈతో 2011లో ఒప్పందం కుదిరింది. భార్యాపిల్లలు నెలకోసారి చర్లపల్లి జైలుకు వచ్చి చూసి వెళ్లగలిగితే శిక్ష శిక్షే అయినా కుటుంబం తెగిపోదు. ఈ దారి ఉందని మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? తెలిసినా దరఖాస్తు రాసిపెట్టేవారేరి?

వెళ్లేటప్పుడే లెక్క తప్పుతోంది. పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పనిలో చేరేవారు ఏ రికార్డులోనూ పడరు. 'ఆజాద్ వీసా' అంటూ ఏజెంటు అమ్మే కాగితం మీద ఉన్న కఫీల్ ఒకడు, పని ఇచ్చేవాడు మరొకడు. కఫీల్ 'పారిపోయాడు' అని ఒక ఫిర్యాదు పెడితే చాలు, నిన్నటిదాకా కూలీ అయినవాడు ఈరోజు నేరస్థుడు.

అక్కడి జైళ్లలో ఉన్నవారంతా ఘోర నేరాలు చేసినవారు కారు. చెల్లని చెక్కు, తీర్చని బ్యాంకు అప్పు, గడువు ముగిసిన అకామా (నివాస అనుమతి), పోట్లాట, వాహన ప్రమాదం.. కారణాలు అనేకం. మన వంటింట్లో మామూలుగా ఉండే గసగసాలు గల్ఫ్ దేశాల్లో మాదకద్రవ్యాల కిందకి వస్తాయి. అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లంతో విమానం దిగినవాడు జైలుకు వెళ్లే ప్రమాదం నిజంగా ఉంది. ఊరివాళ్లు ఇవ్వమన్నారని తెలియని పొట్లం మోసుకుపోవడం మరీ ప్రమాదం.

ఇంటివాళ్ల దగ్గర ఉండాల్సినవి

గల్ఫ్‌కు మనిషిని పంపే ప్రతి ఇల్లూ కొన్ని కాగితాలు భద్రపరచాలి. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, అక్కడ ఇచ్చే గుర్తింపు కార్డు నంబరు, కఫీల్ లేదా కంపెనీ పేరు, క్యాంపు చిరునామా, ఏజెంటు రసీదు. అదే క్యాంపులో ఉండే మరో ఇద్దరి ఫోన్ నంబర్లు.

మనిషి జైలులో ఉన్నాడని తెలిస్తే ఏ పోలీస్ స్టేషన్, కేసు నంబరు ఏమిటన్నది మొదట తెలుసుకోవాలి. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు దాచుకోవాలి. రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. కష్టంలో ఉన్న పేదవారికి న్యాయసహాయం అందులోంచి అడగవచ్చు. హైదరాబాదు ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరు నుంచి 'ప్రవాసీ ప్రజావాణి' నడుస్తోంది. అరబీ కాగితం దేనిమీదా అర్థం తెలియకుండా సంతకం చేయవద్దని, 'నా కాన్సులేట్‌కు చెప్పండి' అన్న ఒక్క వాక్యం హిందీలో, అరబీలో నేర్చుకోమని వెళ్లేవారికి ముందే చెప్పాలి.

అడగవలసినవి

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచి పని. కానీ బతికుండీ ఇంటికి రాలేనివాడి కుటుంబానికి ఆ సాయం అందదు. భర్త విదేశీ జైలులో ఉన్న స్త్రీని ఒంటరి మహిళగా గుర్తించి పింఛను ఇవ్వడానికి పెద్ద చట్టం అక్కర్లేదు. ఒక జీవో చాలు.

ఎవరు ఏ దేశం వెళ్లారో ప్రతి మండల కార్యాలయంలో ఒక దస్త్రం ఉండాలి. గల్ఫ్ దేశాలతో కార్మిక ఒప్పందాలు రాసుకునేటప్పుడు ఏటా రెండుసార్లు ఖైదీల జాబితా ఇవ్వాలన్న షరతు చేర్చాలి. గోప్యత అడ్డమైతే, వీసా ఇచ్చే రోజే 'నన్ను అరెస్టు చేస్తే మా ఇంటికి చెప్పండి' అన్న సమ్మతిపత్రం మీద సంతకం తీసుకోవాలి. తెలుగు, అరబీ రెండూ తెలిసిన దుబాసీలను దుబాయి, రియాద్, కువైట్‌లలో కాన్సులర్ కార్యాలయాలు జీతమిచ్చి పెట్టుకోవాలి. తీర్పుకు ముందే ఆ మనిషి కోర్టులో ఉండాలి.

2024లో విదేశాల నుంచి మన దేశానికి చేరిన సొమ్ము సుమారు 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. అందులో తెలంగాణ వాటా చిన్నదేమీ కాదు. ఆ డాలర్లలో సిరిసిల్ల మేస్త్రీ చెమట ఉంది, కోరుట్ల డ్రైవరు నిద్రలేని రాత్రులున్నాయి, జగిత్యాల తోటమాలి ఎండదెబ్బ ఉంది. సైనికుడు పట్టుబడితే అది దేశం బాధ్యత అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఎరుక రావడానికి రెండు ప్రపంచ యుద్ధాలు పట్టాయి. కూలీ విషయంలో అదే ఎరుక రావడానికి ఇంకో తరం జైళ్లలో గడవాల్సిన పని లేదు. సిరిసిల్ల ఐదు కుటుంబాలు పద్దెనిమిదేళ్లు కట్టిన మూల్యం చాలు. ఇకమీద ఒక్క ఇంటికైనా తన మనిషి ఎక్కడున్నాడో వారంలోగా తెలియకపోతే, ఆ తప్పు ఆ ఇంటిది కాదు, ప్రభుత్వానిది.